మనీ హైస్ట్ మూడో భాగం తొలి ఎపిసోడ్: ముగిసిన కథలోకి ముఠా మళ్లీ ఎందుకు దిగింది?

వేగుచుక్క (రాజమహేంద్రవరం), శనివారం రాత్రి 9:40

మొదటి రెండు భాగాలు ముగించినవారిలో చాలామంది ఈ వారాంతంలో మూడో భాగం మొదలుపెడతామని పాత చర్చలో రాశారు. అందువల్ల ఆ భాగంలోని తొలి ఎపిసోడ్ ఒక్కదాని గురించే మాట్లాడుకోవడానికి ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. కథ మొత్తం చూసినవారు ముందు జరగబోయే మరణాలను, మలుపులను దయచేసి ఇక్కడ ప్రస్తావించవద్దు. ముఠా బ్యాంకులోకి ఎలా ప్రవేశిస్తుందన్నంత వరకు రాస్తే అభ్యంతరం లేదు.

కొత్తగా చేరినవారి కోసం పూర్వరంగం క్లుప్తంగా చెబుతాను. స్పానిష్‌లో ఈ ధారావాహిక పేరు ‘లా కాసా దె పపెల్’, అంటే కాగితపు ఇల్లు. అలెక్స్ పినా సృష్టించిన ఈ కథ 2017 మే 2న స్పెయిన్‌లోని ఆంటెనా 3 ఛానల్‌లో మొదలై, అదే ఏడాది నవంబరు 23న 15 ఎపిసోడ్లతో ముగిసింది. నెట్‌ఫ్లిక్స్ దానిని కొని 22 చిన్న ఎపిసోడ్లుగా కత్తిరించి ప్రపంచానికి చూపించాక వచ్చిన ఆదరణ వల్లనే, 2019 జులై 19న మూడో భాగం వచ్చింది. అంటే రచయితలు ఒకసారి నిజంగా ముగించిన కథను తిరిగి తెరవవలసి వచ్చింది. ఈ ఎపిసోడ్‌ను ఆ సంగతి మనసులో పెట్టుకునే చూడాలని నా అభిప్రాయం.

నాకు ఈ ఎపిసోడ్ చాలా నచ్చింది. టంకశాల (నోట్లు అచ్చువేసే ప్రభుత్వ ముద్రణాలయం) దోపిడీకి ముందు, దాని పథకకర్త ప్రొఫెసర్ నగరాల పేర్లతో పిలుచుకునే తన ముఠాకు పెట్టిన నియమాలు మూడే: అసలు పేర్లు చెప్పుకోకూడదు, సొంత విషయాలు అడగకూడదు, ఒకరితో ఒకరు బంధం పెంచుకోకూడదు. మొదటి రెండు భాగాల్లో ఏ ప్రమాదం వచ్చినా ఆ మూడో నియమం తప్పినందువల్లనే వచ్చింది. ఇప్పుడు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. పనామా తీరంలోని ఒక దీవిలో టోక్యో, రియో ఎవరికీ దొరకకుండా బతుకుతున్నారు. ఆ నిశ్చలమైన జీవితం టోక్యోకు ఊపిరాడనివ్వదు, కొన్ని రోజులు వెళ్లివస్తానంటుంది. ఆమె గొంతు వినకుండా ఉండలేని రియో శాటిలైట్ ఫోన్లు సంపాదిస్తాడు. ఆ ఫోన్ మోగిన క్షణం నుంచి వాళ్ల జాడ పోలీసులకు తెలిసిపోతుంది. టోక్యో తప్పించుకుంటుంది, రియో పట్టుబడతాడు.

వంద కోట్ల యూరోలకు దగ్గరగా దోచి ప్రపంచమంతా చెదిరిపోయినవాళ్లను ఒక పలకరింపు పట్టించిందంటే, ఆ ఆలోచనలోని విషాదం నన్ను చాలాసేపు వదల్లేదు. ఏ బంధాన్ని ప్రొఫెసర్ నిషేధించాడో ఆ బంధం కోసమే, అంటే రియోను విడిపించడానికే, ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ దోపిడీ జరగబోతోంది. మిగిలినవారు ఏమనుకుంటున్నారో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

---

కొండపల్లి బొమ్మ (విజయవాడ), శనివారం రాత్రి 10:25

వేగుచుక్క గారూ, మీరు పెట్టిన ప్రశ్న సరైనదే కాని నాకు దొరికిన జవాబు వేరు. ఆ ఫోన్ పిలుపులో నాకు రచయితల అవసరమే కనిపించింది, విషాదం కనిపించలేదు.

ఆలోచించండి. సంవత్సరాల తరబడి ప్రతి చిన్న వివరాన్నీ ముందే లెక్కగట్టిన ప్రొఫెసర్ శిక్షణలో రియో కంప్యూటర్లు, సమాచార వ్యవస్థలు చూసుకున్నవాడు. టంకశాలలో అలారాలను, కెమెరాలను నోరు మూయించే పని అతనిదే. అలాంటివాడు ఎక్కడో చేతులు మారిన ఫోన్లను నమ్మి వాడతాడా? ముఠాలో మరెవరైనా ఈ పొరపాటు చేసి ఉంటే ఒప్పుకునేదాన్ని. ఆ విషయంలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడి చేత చేయించడం నాకు మింగుడుపడలేదు.

రెండో అభ్యంతరం చిత్రణ గురించి. టంకశాల కథ 128 గంటల పాటు నాలుగు గోడల మధ్య నడిచింది. ఊపిరి బిగబట్టి చూశామంటే ఆ ఇరుకు వల్లనే. ఇక్కడ సగం ఎపిసోడ్ వరకు నీలి సముద్రాలు, అడవులు, పడవలు, ఆకాశం నుంచి తీసిన దృశ్యాలు. నిర్మాతల చేతిలోకి డబ్బు వచ్చిందని తెలుస్తూనే ఉంది. టోక్యో, రియో ఒక ఖండంలో, డెన్వర్, మోనికా పసివాడితో ఇండోనేషియాలో, నైరోబీ, హెల్సింకీ అర్జెంటీనాలో, ప్రొఫెసర్, ఒకప్పుడు అతన్ని పట్టుకోవడానికి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్ రాకెల్ ఫిలిప్పీన్స్‌లో. ఒక్కొక్కరినీ చూపించి మళ్లీ కూడగట్టేసరికి ఎపిసోడ్‌లో చాలా భాగం అయిపోయింది. వాళ్లంతా ఒకచోట చేరి, పాత పేర్లతో పిలుచుకున్నప్పుడు మాత్రం నా కళ్లు తడిసిన మాట నిజం. అంతవరకు నేను కథలోకి వెళ్లలేకపోయాను.

---

ఓరుగల్లు వకీలు (హనుమకొండ), శనివారం రాత్రి 11:10

ఇద్దరూ పట్టించుకోని ఒక అంశం ఉంది. నా వృత్తి వల్ల నాకు ముందుగా కనిపించింది అదే.

రియోను పట్టుకోవడంలో తప్పేమీ లేదు, అతను నేరస్థుడు. పట్టుకున్న తరువాత అతన్ని ఏ న్యాయమూర్తి ఎదుటా నిలబెట్టకుండా, ఎక్కడ ఉంచారో బయటికి చెప్పకుండా దాచడంతోనే ప్రభుత్వం తప్పులోకి దిగింది. మన రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. స్పెయిన్ రాజ్యాంగం 17వ అధికరణం ఆ గడువును గరిష్ఠంగా 72 గంటలుగా నిర్ణయించింది. నిర్బంధంలో హింస జరిగిందన్న ఫిర్యాదులను సరిగా విచారించలేదని స్పెయిన్‌ను యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఒకటికి మించిన కేసుల్లో తప్పుపట్టింది కూడా. కాబట్టి రచయితలు ఈ సంగతిని గాలిలోంచి తీసుకురాలేదు. స్పానిష్ ప్రేక్షకుడికి అది బాగా తెలిసిన గాయం.

దీనివల్ల కథలో ఏం మారిందో చూడండి. మొదటి దోపిడీలో చట్టం ఒకవైపు, ముఠా మరోవైపు. ఇక్కడ చట్టాన్ని ముందుగా పక్కనపెట్టింది ప్రభుత్వం. ప్రొఫెసర్ మాడ్రిడ్ నడిబొడ్డున తెరలమీద కనబడి, యుద్ధం మొదలుపెట్టింది తాము కాదని ప్రజలకు చెప్పగలగడానికి అదే ఆధారం. ఒక దొంగ ప్రభుత్వాన్ని చట్టం పాటించమని నిలదీయడం, ఆ మాటకు మనం తల ఊపవలసి రావడం, ఎపిసోడ్ సాధించిన పెద్ద విషయమని నేను భావిస్తున్నాను. కొండపల్లి బొమ్మ గారన్నట్టు ఫోన్ సంగతి కాస్త బలహీనంగా ఉన్నా, దాని తరువాత కట్టిన గోడ గట్టిగానే ఉంది.

---

పాతనోటు (గుంటూరు), ఆదివారం ఉదయం 6:50

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం కరెన్సీ చెస్ట్‌లో, అంటే నోట్ల నిల్వ ఉంచే ఖజానాలో గడిచింది. మా అమ్మాయి పట్టుబట్టి చూపిస్తే ఈ సిరీస్ చూశాను. డబ్బును గుట్టలుగా చూసిన కళ్లతో రెండు మాటలు రాయాలనిపించింది.

మాడ్రిడ్ మీద గాలిబుడగ ఓడల నుంచి 14 కోట్ల యూరోలు కురిపించిన దృశ్యం చూస్తూ కాగితం తీసుకుని లెక్క వేశాను. అన్నీ 50 యూరోల నోట్లే అనుకుంటే 28 లక్షల నోట్లు. మా లెక్కలో వంద నోట్లు ఒక పాకెట్, పది పాకెట్లు ఒక బండిల్, కాబట్టి 2,800 బండిళ్లు. ఒక్కో నోటు గ్రాముకు కాస్త తక్కువ తూగుతుందనుకుంటే మొత్తం బరువు రెండున్నర టన్నులు దాటుతుంది. ఒక్క పెద్ద లారీ మోయగలిగే సరుకు. ఆకాశంలోంచి విడివిడిగా రాలినప్పుడు మాత్రం ఒక నగరాన్నే స్తంభింపజేయగలదు. చెస్ట్‌లో పనిచేసినన్నాళ్లూ మేము భయపడింది పెద్ద దొంగతనానికి కాదు, కట్టు విడిపోయిన పాకెట్‌కి. కట్టు ఉన్నంతవరకే అది లెక్క. విడిపోతే చుట్టూ ఉన్నవారి ముఖాలు మారిపోతాయి. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు మా శాఖ ముందు తెల్లవారుజాము నుంచి నిలబడిన వరుసలు చూసినవాణ్ణి. కాగితానికీ మనిషికీ ఉన్న సంబంధం ఎంత త్వరగా ఉద్వేగంగా మారుతుందో నాకు తెలుసు. ఆ దృశ్యాన్ని కొందరు కేవలం ఆడంబరమని కొట్టిపారేయవచ్చు, నేను కొట్టిపారేయలేను.

ఒక ప్రశ్న మాత్రం నన్ను వెంటాడుతోంది. టంకశాలలో ముఠా ఎవరి సొమ్మూ తీసుకోలేదు. కాగితం, సిరా, యంత్రాలు వాడుకుని 98 కోట్ల 40 లక్షల యూరోలు తామే అచ్చువేసుకున్నారు. సంక్షోభ సంవత్సరాల్లో కేంద్ర బ్యాంకు డబ్బు సృష్టించి బ్యాంకులకు ఇస్తే దానిని ఎవరూ దొంగతనం అనలేదు కదా అని ప్రొఫెసర్ రాకెల్‌తో వాదించాడు. ఆ వాదన తప్పో ఒప్పో, దానికి ఒక అందం ఉంది. ఇప్పుడు దోచబోయేది బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ బంగారం. అది ఒక దేశం నిల్వ, అచ్చు వేసుకుంటే వచ్చేది కాదు. ‘కాగితపు ఇల్లు’ అన్న పేరు పెట్టుకున్న కథ బంగారం వైపు తిరిగినప్పుడు, దాని నైతిక బలం కొంత తగ్గలేదా? దీనికి ఎవరైనా సమాధానం చెబితే సంతోషిస్తాను.

---

మంజీర (సంగారెడ్డి), ఆదివారం ఉదయం 8:05

పాతనోటు గారి ప్రశ్న చదివాక టీ చల్లారిపోయింది. నా దగ్గర సమాధానం లేదు, కాని ఆ డబ్బు కురిపించడం ఒక వ్యూహం అని అందరూ గమనించాలి. జనం వీధుల్లోకి వచ్చి గందరగోళం చెలరేగితే ప్రభుత్వం బ్యాంకును కాపాడడానికి సైన్యాన్ని పంపుతుంది. ముఠా సైనికుల వేషంలో ఆ సందడిలోనే లోపలికి వెళుతుంది. తలుపు బద్దలుకొట్టకుండా, కాపలాదారుల చేతనే తలుపు తీయించుకోవడం అన్నమాట. ఉదారంగా కనిపించే పని, ఉపాయంగా కూడా పనికిరావడం ప్రొఫెసర్ మార్కు.

---

మూడో మెట్రో (మాడ్రిడ్), ఆదివారం మధ్యాహ్నం 1:30

ఆరేళ్లుగా ఉద్యోగరీత్యా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. ప్రదేశాల గురించి నాకు తెలిసినంత రాస్తాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్‌ను ఇక్కడివాళ్లు చూసే తీరు కొంచెం వేరు.

డబ్బు కురిసే చోటు కయావో కూడలి. గ్రాన్ వీయా వీధి మీద సినిమా హాళ్లు, పెద్ద ప్రకటనల తెరలు, సాయంత్రమైతే అడుగు తీసి అడుగు వేయలేనంత జనం ఉండే చోటు. మన కోఠీ కూడలిలో ఆకాశం నుంచి నోట్లు రాలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది నిజమైన కూడలి. కాని తెరమీద కనిపించే ‘బ్యాంక్ ఆఫ్ స్పెయిన్’ మాత్రం నిజం కాదు. బయటి దృశ్యాలు నుయెవోస్ మినిస్టేరియోస్ అనే ప్రభుత్వ కార్యాలయాల సముదాయంలో తీశారు. మొదటి రెండు భాగాల్లో టంకశాలగా చూపించింది కూడా అసలు టంకశాల కాదు, సెరానో వీధిలో ఉన్న జాతీయ శాస్త్ర పరిశోధన మండలి ప్రధాన కార్యాలయం. ఆ మెట్ల ముందు ఇప్పటికీ పర్యాటకులు ఆగి ఫొటోలు తీసుకుంటూ ఉంటారు.

అసలు బ్యాంకు సిబేలెస్ దేవత ఫౌంటెన్ పక్కన, అల్కలా వీధి మూలమీద ఉంటుంది. దాని కింద సుమారు 35 మీటర్ల లోతున బంగారు గది ఉంది. ఎవరైనా చొరబడితే ఆ గదిలోకి నీళ్లు వదిలి ముంచేసే ఏర్పాటు ఉందని ఇక్కడి ముసలివాళ్లు కథలుగా చెబుతారు. ఫౌంటెన్ కింద పారే భూగర్భ జలాన్ని అందుకు వాడతారని నగరమంతా ప్రచారం. కాబట్టి ప్రొఫెసర్ ‘నీటమునిగే ఖజానా’ గురించి చెప్పినప్పుడు మాడ్రిడ్ ప్రేక్షకుడికి తన అమ్మమ్మ చెప్పిన కథ తెరమీద చూసినట్టే ఉంటుంది.

పాతనోటు గారూ, మీ ప్రశ్నకు ఇక్కడి చరిత్రలో కొంత సమాధానం ఉంది. అంతర్యుద్ధం మొదలైన 1936లో, శత్రుసేనలు మాడ్రిడ్‌ను సమీపిస్తుండగా, రిపబ్లిక్ ప్రభుత్వం ఈ బ్యాంకులోని బంగారంలో అధికభాగాన్ని రహస్యంగా కార్తహేనా రేవుకు తరలించింది. అక్టోబరులో సుమారు 510 టన్నులను ఓడలకెక్కించి సోవియట్ యూనియన్‌కు పంపింది. ఆయుధాల ఖర్చులకు పోగా అది తిరిగి రాలేదు. ‘మాస్కో బంగారం’ అన్న మాట ఇప్పటికీ ఇక్కడి రాజకీయ వాదనల్లో వినిపిస్తుంది. ఆ బ్యాంకు బంగారం అంటే ఇక్కడివారికి కేవలం నిల్వ కాదు, ఒకసారి పోగొట్టుకున్న వస్తువు. అందుకే ప్రభుత్వాన్ని నొప్పించాలంటే చేయివేయవలసిన చోటు అదే అని ప్రొఫెసర్ అనుకోవడంలో అర్థముంది. మీరన్న నైతిక బలం తగ్గిందన్నది నిజమే. దాని బదులు ఒత్తిడి చేసే బలం పెరిగింది.

---

మూస (ప్రొద్దుటూరు), ఆదివారం సాయంత్రం 4:15

మాది మూడు తరాలుగా బంగారు పని. అందరూ బంగారం అంటున్నారు కాని దాని బరువు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. దీనికి తరువాతి ఎపిసోడ్లలో చెప్పే రెండు వివరాలు వాడుకుంటున్నాను, కథ మలుపులేవీ ఇందులో లేవు.

కథలో దోచదలచినది 90 టన్నులు. మన తులాల్లో చెప్పాలంటే సుమారు 77 లక్షల తులాలు. కేంద్ర బ్యాంకుల్లో ఉండే పెద్ద కడ్డీ ఒక్కొక్కటి పన్నెండున్నర కిలోలకు అటూఇటూ ఉంటుంది కనుక 7,200 కడ్డీల వరకు అవుతాయి. కాని బంగారం ఎంత చిక్కనిదంటే, ఒక లీటరు పరిమాణం బంగారం 19 కిలోలకు పైగా తూగుతుంది. ఆ 90 టన్నులనూ ఒకచోట పేరిస్తే ఐదు ఘనపు మీటర్లు కూడా నిండదు. మా ఇంటి వంటగదిలో నాలుగో వంతు జాగా చాలు. కంటికి కొంచెమే, మోయబోతే కొండ. సినిమాల్లో కడ్డీలను సంచిలో వేసుకుని పరుగెత్తేవాళ్లను చూసినప్పుడల్లా మా నాన్న చిరాకుపడేవారు. ఈ కథలో ఆ పొరపాటు లేదు.

కొత్తగా వచ్చిన బొగోటా లోహాలు కరిగించి అతికే పనివాడు. బంగారాన్ని కరిగించి చిన్న గింజలుగా మార్చాలన్నది వాళ్ల పథకం. ఆ పని మేము రోజూ చేసేదే. 1064 డిగ్రీల దగ్గర కరిగిన బంగారాన్ని మూసలోంచి సన్నధారగా నీళ్లలోకి వంచితే, తాకినచోటే బిగుసుకుని గింజలవుతుంది. కడ్డీ మీద ముద్రలు, సంఖ్యలు అన్నీ పోతాయి. గింజకు ఊరూ పేరూ ఉండదు. అందువల్ల పాతనోటు గారి పోలికకు నేను ఒకటి చేర్చదలచుకున్నాను. టంకశాలలో వాళ్లు అచ్చువేసిన నోట్లకు గుర్తు లేకుండా చూసుకున్నారు, ఇక్కడ ఉన్న గుర్తును కరిగించి చెరిపేస్తున్నారు.

ఇక నీళ్ల సంగతి. బంగారాన్ని నూరేళ్లు నీళ్లలో ఉంచినా తుప్పుపట్టదు, మెరుపు తగ్గదు. నీటమునిగే ఖజానా వల్ల నష్టపోయేది దొంగే కాని సొత్తు కాదు. ఆ ఏర్పాటును ఊహించినవాడెవరో బంగారం గుణం తెలిసినవాడే.

---

రేవతీ నక్షత్రం (విశాఖపట్నం), ఆదివారం సాయంత్రం 5:00

మూస గారూ, 77 లక్షల తులాలన్న మాట చదివి మా అత్తగారికి కూడా వినిపించాను. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు.

భాష గురించి ఒక్క మాట. స్పానిష్‌లో మనలాగే ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఉంది. ‘తు’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు. ఇంగ్లీషులో ఆ తేడా కనిపించకుండా పోతుంది. దోపిడీ వేళ ఫోన్‌లో ఇన్‌స్పెక్టర్‌గా మాట్లాడిన రాకెల్, ఇప్పుడు ప్రొఫెసర్ పక్కన భార్యలా నిలబడిన రాకెల్ ఒక్కరే అయినా సంబోధన ఒక్కటిగా ఉండదు. ఆ దూరం, ఆ చనువు రెండూ తెలుగులో సహజంగా పలుకుతాయి. ఉపశీర్షికలు ఇంగ్లీషులో చదువుతూ చూసినవారు ఒకసారి తెలుగులో కూడా చూడమని మనవి.

---

పెన్నహోబిలం (అనంతపురం), ఆదివారం రాత్రి 8:20

తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. నైరోబీగా నటించిన ఆల్బా ఫ్లోరెస్ 2013లో స్పెయిన్ టెలివిజన్ కోసం తీసిన విన్సెంట్ ఫెర్రర్ జీవితచిత్రంలో షమీరా అనే పాత్ర వేసి తెలుగు మాట్లాడారు. 1969లో అనంతపురం వచ్చి, కరువు సీమలో ఊరూరా పనిచేసి, 2009లో ఇక్కడే కన్నుమూసిన ఆ స్పెయిన్ దేశస్థుడు మాకు పరాయివాడు కాడు. కాబట్టి నైరోబీ తెరమీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ ఆమెను తెలుగు నోరు తిరిగిన మనిషిగానే చూస్తారు.

అయితే నేను చెప్పదలచినది ఆమె పాత్ర గురించే. కొండపల్లి బొమ్మ గారు ముఠా కూడిక దృశ్యం దగ్గర కళ్లు తడిశాయన్నారు. నాకు అక్కడ నైరోబీ ముఖమే గుర్తుండిపోయింది. టంకశాలలో ఆమె డబ్బు అచ్చువేయించే బాధ్యత మోసింది, తనకు దూరమైన బిడ్డ కోసం బతికింది. ఇప్పుడు ఆమె దగ్గర డబ్బు ఉంది, స్వేచ్ఛ ఉంది, బిడ్డ లేడు. ఉన్న కుటుంబమల్లా ఈ ముఠాయే. రియో కోసం తిరిగి రావాలా వద్దా అన్న ప్రశ్న ఆమెకు లెక్కల ప్రశ్న కాదు. మాస్కో, ఓస్లో, బెర్లిన్ ముగ్గురినీ ఒకే దోపిడీలో పోగొట్టుకున్నవాళ్లు నాలుగో మనిషిని వదులుకోలేరు. ‘మళ్లీ ఎందుకు దిగారు’ అన్న ఈ చర్చ శీర్షికకు నా జవాబు అదే.

---

కొండపల్లి బొమ్మ (విజయవాడ), ఆదివారం రాత్రి 9:10

పెన్నహోబిలం గారి మాట నన్ను కదిలించింది. కాని నా అభ్యంతరాన్ని ఇంకొంచెం స్పష్టంగా చెప్పనివ్వండి. రియోను విడిపించడమే లక్ష్యమైతే 90 టన్నుల బంగారం దేనికి? వకీలు గారు చెప్పిన అన్యాయాన్ని పత్రికలకు బయటపెట్టవచ్చు, ఎవరినైనా పట్టుకుని మార్పిడి అడగవచ్చు. దేశం మొత్తం మీద అతి గట్టి భవనంలోకి దిగడం స్నేహితుడి కోసం చేసే పనా, లేక ప్రొఫెసర్ అన్న బెర్లిన్ చాలా ఏళ్ల కిందట కలగన్న పథకాన్ని నెరవేర్చే అవకాశమా? ఫ్లోరెన్స్‌లో అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకునే వెనుకటి దృశ్యాలు చూడండి. పథకం ముందే సిద్ధంగా ఉంది. కావలసింది ఒక కారణం మాత్రమే. ఆ పథకాన్ని ఆనాడు వద్దన్నవాడు ప్రొఫెసరే. ఇప్పుడు చేద్దామంటున్నవాడూ అతనే. ఆ మార్పు ఎక్కడ జరిగిందో ఎపిసోడ్ నాకు చూపించలేదు.

---

ఓరుగల్లు వకీలు (హనుమకొండ), ఆదివారం రాత్రి 9:45

పత్రికలకు చెబితే ప్రభుత్వం కాదని బుకాయిస్తుంది. ఎక్కడున్నాడో రుజువు లేని మనిషి కోసం ఏ కోర్టులోనైనా పోరాడడం ఎంత కష్టమో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే) పిటిషన్లు వేసినవారికి తెలుసు. పోలీసులు ‘మా దగ్గర లేడు’ అని ఒక్క మాట రాసిస్తే వ్యవహారం అక్కడే ఆగుతుంది. ప్రభుత్వం కాదనలేని స్థితి తీసుకురావాలి. మూడో మెట్రో గారు చెప్పిన బంగారం అందుకు పనికివస్తుంది. మీ రెండో ప్రశ్నకు మాత్రం, అంటే ప్రొఫెసర్‌లో మార్పు ఎక్కడ అన్నదానికి, నా దగ్గర జవాబు లేదు.

---

మంజీర (సంగారెడ్డి), ఆదివారం రాత్రి 10:30

ఆ జవాబు టోక్యో అతని ఇంటికి వచ్చే దృశ్యంలో ఉందని నాకు అనిపిస్తోంది. ఇప్పుడే మళ్లీ చూశాను.

టోక్యో తన తప్పు ఒప్పుకోవడానికి వచ్చింది. నియమం తప్పింది, ప్రియుణ్ణి పట్టించింది. మామూలుగా అయితే ప్రొఫెసర్ ఆమెను తిట్టాలి, ఈ ముప్పు మిగిలినవారికి తెచ్చినందుకు తలుపు మూసేయాలి. కాని ఆ సమయంలో అతని ఇంట్లో ఉన్నదెవరు? రాకెల్, ఆమె తల్లి, ఆమె కూతురు. తనను పట్టుకోవడానికి వచ్చిన పోలీసు అధికారినే ప్రేమించి, మూడో నియమాన్ని అందరికన్నా పెద్దగా తప్పినవాడు అతనే. ఆ తప్పు అతనికి ఇల్లు ఇచ్చింది. టోక్యో, రియోలకు అదే తప్పు చెరసాల ఇచ్చింది. ఆ తేడా అదృష్టం తప్ప మరేమీ కాదని అతనికి తెలుసు. ఆ ఇంట్లో నిలబడి టోక్యోను కాదనే అర్హత అతనికి లేదు. కొండపల్లి బొమ్మ గారూ, మార్పు అక్కడ జరిగిందని నా నమ్మకం. దానిని మాటల్లో చెప్పలేదు, అంతే.

---

పాతనోటు (గుంటూరు), సోమవారం ఉదయం 6:30

చెస్ట్ తలుపుకి రెండు తాళాలు ఉంటాయి. ఒకటి ఒకరి దగ్గర, రెండోది మరొకరి దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తెరుచుకుంటుంది, ఒకరు తప్పు చేస్తే రెండోవారూ బాధ్యులే. మంజీర గారు రాసింది చదివినప్పుడు నాకు ఆ తాళాలే గుర్తొచ్చాయి. నా నైతిక ప్రశ్నను నేను వెనక్కి తీసుకోవడం లేదు, బంగారం విషయంలో నా మనసు ఇంకా ఒప్పుకోలేదు. కాని ప్రొఫెసర్ ఎందుకు కాదనలేకపోయాడో ఇప్పుడు అర్థమైంది.

---

కొండపల్లి బొమ్మ (విజయవాడ), సోమవారం మధ్యాహ్నం 2:15

భోజన విరామంలో ఆ దృశ్యం తిరిగి చూశాను. మంజీర గారు చెప్పింది నిజమే, నేను మొదటిసారి రాకెల్‌ను కేవలం పక్కన నిలబడిన మనిషిగా చూశాను. ఆమె అక్కడ ఉండడమే ఆ దృశ్యానికి ప్రాణమని గ్రహించలేదు. ఫోన్ విషయంలో, ఆ విహారదృశ్యాల నిడివి విషయంలో నా అభిప్రాయం మారలేదు. రియోకు అంతకన్నా తెలివైన పొరపాటు రాసి ఉండవలసింది.

---

వేగుచుక్క (రాజమహేంద్రవరం), సోమవారం రాత్రి 9:30

మొదటి టపాలో నేను టోక్యో, రియోల బంధం గురించే రాశాను. ఇదే ఎపిసోడ్‌లో అంతే పెద్ద నియమభంగం ప్రొఫెసర్ ఇంట్లో కాపురం ఉందన్న సంగతి నాకు తట్టలేదు. మంజీర గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఫోన్ గురించి కొండపల్లి బొమ్మ గారితో నేను ఇంకా ఏకీభవించడం లేదు. తెలిసినవాడే ఆత్రంలో ఏమరుపాటు పడతాడని నా అనుభవం. అది ఇక్కడితో తేలేది కాదు.

రెండో ఎపిసోడ్ చర్చ వచ్చే శనివారం ఇదే సమయానికి తెరుస్తాను. ముఠాలో కొత్తగా చేరిన పలెర్మో గురించి, బెర్లిన్‌తో అతనికున్న అనుబంధం గురించి రాయదలచినవారు అప్పటివరకు ఆగాలి. మూస గారికి ఒక విన్నపం: నీళ్లు నిండిన ఖజానా లోంచి కడ్డీలు బయటికి తెచ్చి, ఆ భవనంలోనే కొలిమి పెట్టి, అన్ని టన్నులు కరిగించడానికి నిజంగా ఎన్ని మూసలు, ఎంత మంది మనుషులు, ఎన్ని గంటలు కావాలో అప్పటికి లెక్కగట్టి తీసుకురాగలరా?

---

మూస (ప్రొద్దుటూరు), సోమవారం రాత్రి 10:05

తప్పకుండా తెస్తాను. మా నాన్నతో కూర్చుని వేయాలి, పెద్ద మూసలతో పని ఆయనకే బాగా తెలుసు.